తేడా పది దాటితే

ఆ ఆస్పత్రిలో మూడో అంతస్తును పనుల వార్డు అంటారు. తలకు దెబ్బ తగిలినవాళ్ళు, పక్షవాతం వచ్చి తేరుకున్నవాళ్ళు ఇంటికి వెళ్ళేముందు అక్కడ కొన్నాళ్ళుండి, గుండీలు పెట్టుకోవడం దగ్గర్నుంచి పొయ్యి వెలిగించడం దాకా మళ్ళీ నేర్చుకుంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ వార్డును ఏలిన మనిషికి టిక్కుల మేడమ్ అని పేరు. చేతిలో అట్ట, అట్ట మీద కాగితం, చెవి మీద పెన్సిలు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. డాక్టర్లు సైతం ఆమె ఎదురొస్తే చొక్కా సర్దుకునేవారు.

ఇప్పుడా మేడమ్ అదే వార్డులో, మూల మంచం మీద, రోగులకిచ్చే నీలం గౌను తొడుక్కుని, తన కాగితం తానే నింపుకుంటోంది. పదకొండు రోజుల కిందట ఆమె తలలో కుడిపక్క ఒక చిన్న నరానికి నెత్తురు గడ్డ అడ్డుపడింది. అదృష్టం బాగుండి కాళ్ళూ చేతులూ పడిపోలేదు, మాట తడబడలేదు. నడుస్తోంది, తింటోంది, అందరినీ తిడుతోంది. ఇంకేం కావాలి?

ఆ కాగితం ఆమె స్వయంగా తయారు చేసిందే. మనిషి రోజూ చేసుకునే నలభై పనులు అందులో పక్కపక్కనే రెండు పట్టీలుగా, ఇరవై చొప్పున ఉంటాయి. ఒక్కొక్క పనికి ఎదురుగా మూడు గళ్ళు: ఒక్కదాన్నే చేయగలను, సాయంతో చేయగలను, చేయలేను. ముందు రోగి తన గురించి తను టిక్కు పెట్టుకోవాలి. తరవాత పనుల గదిలో ఆ పనులు చేసి చూపించాలి. వార్డువాళ్ళు చూసి తమ టిక్కులు వేరే కాగితం మీద పెడతారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఎన్ని వరుసల్లో కలవలేదో లెక్కిస్తారు. దాన్ని తేడా అంటారు. తేడా పది దాటితే ఆ మనిషిని ఒంటరిగా ఇంటికి పంపరు, పసిపిల్లల్నీ ముసలివాళ్ళనీ ఆ మనిషి చేతికి అప్పగించరు. ఎన్ని పనులు రావన్నది తరవాతి సంగతి. ఆ నియమం పెట్టిందీ ఈమే.

"ఏదైనా రాదని తెలిసిన మనిషి పక్కవాళ్ళని అడుగుతాడు. రాదని తెలియని మనిషి ఇల్లు తగలబెడతాడు" అని కొత్తగా చేరినవాళ్ళందరికీ చెప్పేది. "ఇంకొకటి. తప్పును వేలు పెట్టి చూపించకండి. రోగి కంటికి అదే ఆనేట్టు చెయ్యండి. మీరు చెబితే నమ్మరు."

అలా ఆమె చేతికింద ఎనిమిదేళ్ళు నలిగి పని నేర్చుకున్న థెరపిస్టును చిన్న మేడమ్ అంటారు. ఇవాళ పరీక్ష పెట్టాల్సింది ఆ అమ్మాయే. పాపం, పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా తాగలేదు.

"అయిపోయింది, తీసుకో" అంది టిక్కుల మేడమ్, కాగితం చాచి. "నేను లేని పదకొండు రోజుల్లో కాగితాన్ని కూడా కత్తిరించేశారన్నమాట. నలభై వరుసలు ఉండాల్సింది ఇరవైకి దించారు. ఎవరిని అడిగి దించారు?"

చిన్న మేడమ్ కాగితం అందుకుని చూసింది. 

"అడుగుతుంటే మాట్లాడవేం? అన్నం కూడా అంతే. సగం కంచం పెడుతున్నారు. వంటవాళ్ళకి చెప్పు, రోగులు పిట్టలు కాదని. ఆ స్నానాల గది తలుపు ఎవరు మార్చారో గానీ ఇరుకు చేశారు, పోయినప్పుడల్లా భుజం కొట్టుకుంటోంది."

"కూర్చోండి మేడమ్, మూడింటికి పనుల గదికి వెళ్దాం" అంది చిన్న మేడమ్.

ఈ ఫిర్యాదులన్నీ ఒక ఎత్తు, కూతురి మీద ఉన్న ఫిర్యాదు ఒక ఎత్తు. ఆ సంగతి పైకి చెప్పుకోవడానికి టిక్కుల మేడమ్‌కి అభిమానం అడ్డొచ్చింది. కూతురు అగ్నిమాపక కేంద్రంలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేస్తుంది. ఎక్కడ ఇల్లు అంటుకున్నా ముందు వినేది ఆ పిల్లే. అల్లుడు ఓడ మీద పని చేస్తాడు, వెళ్తే ఎనిమిది నెలలు. మనవరాలికి అయిదో నెల. కాన్పు సెలవు ఈ వారంతో సరి, సోమవారం కూతురు పనిలో చేరాలి. "నువ్వు బెంగ పెట్టుకోకు, పాప నా దగ్గర ఉంటుంది" అని తల్లి ఆరు నెలల ముందే మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకోవాలంటే ఇవాళ తేడా పది లోపు రావాలి. అంతే.

అలాంటిది కూతురు ఆస్పత్రికి వస్తుంది, మంచం దగ్గర ఒక్క నిమిషం నిలబడి "ఎలా ఉన్నావమ్మా" అంటుంది, అంతలో మాయమైపోతుంది. ఆ తరవాత వరండాలో ఎక్కడో దాని గొంతు వినబడుతూనే ఉంటుంది, మనిషి మాత్రం లోపలికి రాదు. ఫోను పట్టుకుని ఎవరితోనో కబుర్లు. కన్నతల్లి ఇక్కడ ఒంటరిగా గోడలు చూస్తూ పడి ఉంటే బయట నిలబడి కబుర్లేమిటి? ఇంటికి వెళ్ళాక నిలదీయాలనుకుంది.

మూడింటికి పనుల గదిలోకి వెళ్ళారు. ఒక గోడకు వంట గట్టు, రెండు పొయ్యిలు, పళ్ళేలు. ఇంకో గోడకు మంచం, బట్టల అలమర. మధ్యలో ఎత్తు బల్ల. ఆ బల్ల మీద ఇసుక పాప పడుకుని ఉంది. ప్రమాదాల్లో చేతులు దెబ్బతిన్న బాలింతల కోసం టిక్కుల మేడమ్ పదేళ్ళ కిందట పాత దుప్పటి చింపి, లోపల ఇసుక పోసి కుట్టిన బొమ్మ అది. సరిగ్గా అయిదు నెలల బిడ్డ బరువు. మొహం మీద దారంతో కళ్ళు కుట్టింది గానీ నోరు కుట్టడం మరిచిపోయింది. అందుకే అది ఎప్పుడూ ఏడవదని వార్డులో అందరూ నవ్వుకుంటారు.

"పాపతోనే మొదలుపెడతాను. నాకు సోమవారం నుంచి కావాల్సింది అదే" అంది టిక్కుల మేడమ్.

చిన్న మేడమ్ అట్ట పట్టుకుని గోడకు ఆనుకుంది.

మేడమ్ ఇసుక పాపను ఎత్తుకుంది. తల కింద చెయ్యి ఎలా పెట్టాలో అలాగే పెట్టింది. బట్టలు మార్చింది. పాతికేళ్ళ కిందట కూతురికి మార్చిన చేతులు, ఎక్కడా తొట్రుపాటు లేదు. "చూశావా" అన్నట్టు చిన్న మేడమ్ వైపు ఒక చూపు విసిరింది. పాపను బల్ల మీద పడుకోబెట్టి, పాలు వెచ్చబెట్టడానికి వంట గట్టు వైపు తిరిగింది. గిన్నె తీసింది, పాలు పోసింది, పొయ్యి వెలిగించింది, మంట తగ్గించింది. చిటికెన వేలి మీద చుక్క వేసుకుని వేడి చూసింది.

వెనక దబ్ అని ఏదో పడింది.

"ఆ వరండాలో సామాను కాస్త మెల్లిగా దించమను. రోగులు పడుకునే చోటు" అంది మేడమ్, తల తిప్పకుండా.

పాలు సీసాలో పోసి, మూత బిగించి, బల్ల దగ్గరికి వచ్చింది. "పాలు సిద్ధం. రాసుకో."

"పాప ఏది మేడమ్?" అంది చిన్న మేడమ్. 

"ఇదిగో, ఇక్కడే..." మేడమ్ బల్ల మీద చెయ్యి వేసింది. చెయ్యి ఖాళీ బల్ల మీద పాకుతూ అంచు దాకా వెళ్ళింది. "నువ్వు తీశావా?"

"నేను ఇక్కణ్ణుంచి కదల్లేదు మేడమ్."

"మరి బొమ్మకి కాళ్ళొచ్చాయా? పరీక్షలో దొంగాటలు ఆడకూడదని నీకు నేను నేర్పలేదూ? చెప్పు ఎక్కడ పెట్టావో." మేడమ్‌కి నిజంగానే కోపం వచ్చింది. కళ్ళు గదంతా వెతికాయి. గదంతా అంటే ఆమెకు కనిపించే గదంతా. ఇసుక పాప ఆమె ఎడమకాలికి జానెడు దూరంలో, బోర్లా పడి ఉంది. మెడ దగ్గర కుట్టు విడిపోయి ఇసుక బయటికి కారుతోంది. మేడమ్ ఎడమ పాదం వట్టిదే, ఆ ఇసుకలోనే ఉంది. ఒంటి కాలికే చెప్పు. ఒంటి కాలికే లాగు తొడిగిన బొమ్మ.

చిన్న మేడమ్ పెన్సిలు నోట్లో పెట్టుకుని కొరికింది. ఎనిమిదేళ్ళలో ఇలాంటివి బోలెడు చూసింది. కానీ వాళ్ళెవరూ తనకు పని నేర్పిన మనిషి కాదు.

ఇంకో అరగంట మిగతా పనులు చేయించి, మేడమ్‌ని మంచం దగ్గరికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఒళ్ళో వాలు బల్ల పెట్టి, దాని మీద మేడమ్ నింపిన కాగితం పెట్టింది.

"ఎంతొచ్చింది తేడా? రెండా, మూడా?" అంది మేడమ్.

"మీరు నింపినది ఒకసారి చూసుకోండి మేడమ్."

"చూసేదేముంది? ఇరవైకి ఇరవై, ఒక్కదాన్నే చేయగలను."

 చిన్న మేడమ్ వేలు పెట్టి చూపించలేదు. కాగితం అంచు పట్టుకుని, మెల్లిగా తలకిందులుగా తిప్పింది.

టిక్కుల మేడమ్ కళ్ళు కాగితం మీద ఆగిపోయాయి. తను పెట్టిన టిక్కులు లేవు. ఒక్కటంటే ఒక్కటీ లేదు. వాటి చోట తలకిందులుగా ఇరవై వరుసలు. అన్నీ ఖాళీ. చదవడానికి ఆమెకు కాగితం నిటారుగా ఉండక్కర్లేదు. ఆ మాటలు ఆమె రాసినవే. ఒకటి, పళ్ళు తోముకోవడం. రెండు, తల దువ్వుకోవడం. మూడు, రెండు కాళ్ళకూ చెప్పులు వేసుకోవడం.

"ఇదేం కాగితం? నాది కాదు ఇది. మార్చేశావు."

చిన్న మేడమ్ మళ్ళీ తిప్పింది. టిక్కులు తిరిగొచ్చాయి. ఖాళీ వరుసలు పోయాయి.

ఈసారి మేడమ్ కుడిచేత్తో కాగితాన్ని లాక్కుని తనే తిప్పింది. టిక్కులు పోయాయి, ఖాళీలు వచ్చాయి. తిప్పింది. ఖాళీలు పోయాయి, టిక్కులు వచ్చాయి. మళ్ళీ తిప్పింది. మళ్ళీ. వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది, వెనక ఇంకో కాగితం అంటించారేమోనని గోటితో గీకింది. ఒక్కటే కాగితం. 

కిందటేడు ఒక మంగలి ఈ వార్డులో ఉండేవాడు. అన్నిటికీ 'ఒక్కణ్ణే చేయగలను' అని టిక్కు పెట్టాడు. గడ్డం చేసుకోమంటే కుడిచెంప మాత్రం నున్నగా గీసుకుని, అద్దంలో చూసి, పెళ్ళికొడుకులా ఉన్నానన్నాడు. టీ గదిలో అది అభినయించి చూపించి అందరినీ నవ్వించింది ఎవరు? టిక్కుల మేడమే. అతని కాగితం మీద 'ఎడమవైపు లేదనుకుంటున్నాడు. లోపం ఉంది. ఉన్నట్టు తెలియదు' అని రాసి, కింద రెండు గీతలు గీసింది. అతని కంచం తిప్పి పెట్టించిందీ, అప్పుడు మిగతా సగం అన్నం తింటుంటే తలాడించిందీ ఆమే. ఆ మంగలికి కళ్ళు చక్కగా కనిపించేవి. బుర్రే ఎడమవైపు అనేదాన్ని లెక్కలోంచి తీసేసింది.

"అన్నం..." అంది మేడమ్.

"కంచం నిండా పెడుతున్నారు మేడమ్."

"తలుపు?"

"తలుపు పాతదే. మీ ఎడమ భుజం కమిలిపోయి ఉంది."

 మేడమ్ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "పనుల గదిలో దబ్బుమన్నది..."

"అవును మేడమ్."

"సామాను కాదు."

"కాదు."

టిక్కుల మేడమ్ కుడిచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పడింది, ఆ చప్పుడు విన్నది, విసుక్కున్నది కూడా. సోమవారం ఇంట్లో అయితే ఆ బల్ల మీద ఇసుక ఉండదు. ఆ ఆలోచన వచ్చేసరికి వాలు బల్లను నెట్టేయబోయింది. చిన్న మేడమ్ పట్టుకుంది.

"నా కూతురికి ఫోను చెయ్యి" అంది మేడమ్. "అది ఎక్కడుందో కనుక్కో. రోజూ వస్తుంది, ఒక్క నిమిషం నిలబడదు. ఇవాళైనా రమ్మను."

చిన్న మేడమ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతవరకూ ఆపుకుంది పాపం. "మేడమ్, చూడ్డానికి వచ్చినవాళ్ళ కుర్చీ ఎటు వేయించాలని మీరు నేర్పారు?"

"రోగి మరిచిపోయిన వైపు. అటు తిరగడం అలవాటవ్వాలని..."

మాట సగంలో ఆగింది.

"రోజూ నాలుగింటికి వచ్చి ఆరింటి దాకా కూర్చుంటోంది మేడమ్. పాపను కూడా తెస్తోంది. ఇప్పుడూ కూర్చుని ఉంది."

టిక్కుల మేడమ్ కదల్లేదు. ఇన్నేళ్ళూ వేలమందికి చెప్పిన మాట ఎవరో తనకు చెప్పాల్సి వచ్చింది. "తల తిప్పండి మేడమ్" అంది చిన్న మేడమ్. "మీ భుజం కనిపించేదాకా. చాలనిపించినా ఆగకండి. ఇంకా ఉంటుంది."

మేడమ్ తల తిప్పింది. కిటికీ వచ్చింది. ఇక చాలు, గది ఇక్కడితో అయిపోయిందని ఒళ్ళంతా చెప్పింది. ఇంకా తిప్పింది. మెడ నరం లాగింది. గోడ వచ్చింది. గోడకు తగిలించిన పాప బట్టల సంచి వచ్చింది. తన భుజం, ఆ కింద తన చెయ్యి, ఆ చేతిని పట్టుకుని ఇంకో చెయ్యి. ఆ చేతి వెంటే పైకి చూస్తే కూతురి మొహం. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి ఉంది. ఒళ్ళో పాప నిద్రపోతోంది.

"ఎంతసేపయింది వచ్చి?" అంది తల్లి.

"నువ్వు కాగితం తిప్పకముందే వచ్చానమ్మా."

"నా చెయ్యి పట్టుకున్నావా?"

"రోజూ పట్టుకునే కూర్చుంటున్నా. మొదటి రెండు రోజులూ నా మీద అలిగావనుకున్నా. మాట్లాడుతుంటే తలుపు వైపు చూసి జవాబు చెబుతున్నావు. చిన్న మేడమ్ చెప్పాక గానీ అర్థం కాలేదు." కూతురు ముక్కు తుడుచుకుంది. "నేను చెప్పకూడదంది. నువ్వే తిరగాలంది."

"అది చెప్పిన మాట కాదే. నా మాటే." టిక్కుల మేడమ్ మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. "నా నియమమే నిన్ను అటు కూర్చోబెట్టిందని తెలియక నిన్ను తిట్టుకున్నాను. ఆ చెయ్యి వదలకు."

చిన్న మేడమ్ తన కాగితం తెచ్చి పక్కన పెట్టింది. తేడా ముప్పై ఒకటి. ఇరవై ఆరేళ్ళలో అంత పెద్ద అంకె ఆ వార్డులో ఇద్దరికే వచ్చింది. మంగలికి ఇరవై తొమ్మిదే.

"ఇంకో కాగితం ఇవ్వు" అంది మేడమ్, చివరికి. "ఎడమ అంచుకు ఎర్ర పట్టీ అంటించు. ఎరుపు కనపడేదాకా నన్ను చదవనివ్వకు."

ఎర్ర పట్టీ అంటించిన కాగితం నింపడానికి ఆమెకు గంటన్నర పట్టింది. ప్రతి వరుసకూ తల తిప్పి ఎరుపు పట్టుకుని, అక్కణ్ణుంచి చదువుకుంటూ రావాలి. మధ్యలో రెండుసార్లు ఎరుపు జారిపోయింది. రెండుసార్లూ కూతురు వేలు నొక్కి ఊరుకుంది, మాట మాత్రం అనలేదు. పొయ్యి వెలిగించడం దగ్గర మేడమ్ పెన్సిలు చాలాసేపు గాల్లోనే ఉంది. రెండు పొయ్యిలుంటాయి కదా, ఒకటి ఎడమవైపుది. సాయంతో, అని పెట్టింది. నలభయ్యో వరుస అయ్యాక కింద ఖాళీలో తన చేత్తో నలభై ఒకటి అని వేసి, 'పసిపిల్లను ఒక్కదాన్నే చూసుకోవడం' అని రాసింది. మూడో గడిలో టిక్కు పెట్టింది. చేయలేను. ఆ టిక్కు గడి దాటి బయటికి పోయింది.

చిన్న మేడమ్ రెండు కాగితాలూ సరిచూసింది. "తేడా రెండు."

"ఎక్కడ?"

"గుండీలు, పక్క సర్దుకోవడం. రెండూ మీరు చేసేశారు మేడమ్. సాయం కావాలని రాశారు."

టిక్కుల మేడమ్‌కి నవ్వు రాబోయి రాలేదు. కూతురి వైపు తల తిప్పింది. ఈసారి దారి కాస్త తెలిసినట్టే ఉంది. "సోమవారం పాపను నాకు ఇవ్వకు తల్లీ. నేను ఎంత బతిమాలినా, బాగయ్యానని ఒట్టేసినా ఇవ్వకు. బాగయ్యాననే అనిపిస్తుంది నాకు. పొద్దున కూడా అనిపించింది."

"ఇంకో రెండు నెలలు సెలవు అడిగాను. ఇస్తారో లేదో తెలీదు" అంది కూతురు. "ఇవ్వకపోతే అప్పుడు చూద్దాం. నువ్వు ఈ మాట నీ అంతట నువ్వు అంటావో లేదోనని చచ్చిపోయాననుకో. నాకెలా చెప్పాలో తెలియలేదు."

పాపకు మెలకువ వచ్చింది. కూతురు లేచి, చుట్టూ తిరిగి మంచం కుడిపక్కకు రాబోయింది. "ఇటే ఉండు" అంది తల్లి. కూతురు ఆగి, తన రెండు చేతులూ పాప కిందే ఉంచి, దాన్ని అమ్మమ్మ ఒళ్ళో ఆమెకు ఎదురుగా ఆనించింది.

టిక్కుల మేడమ్ కిందికి చూసింది. ఒక కన్ను, ఒక చెవి, ఒక చిన్న పిడికిలి, ఒక కాలు. ఆ కాలికి పసుపు మేజోడు. చూడ్డానికి బిడ్డ నిండుగానే ఉంది, ఏ లోటూ లేదు. ఆమెకు భయం వేసింది. పాప కాలు పట్టుకుని, దాని మీదుగా మెల్లిగా తల తిప్పుతూ పోయింది, చాలనిపించినా ఆగకుండా, రెండో మేజోడు కనబడేదాకా.